గర్రుమనడం మానేసిన స్పీకరు

దొంగలు పడ్డ ఇంటివాళ్ళు ఎవరైనా పోయిన వస్తువు గురించే ఏడుస్తారు. ఆ శుక్రవారం పొద్దున కళ్ళజోళ్ళ కొట్టు పక్కనున్న మెట్లెక్కి డిటెక్టివ్ గదికి వచ్చినావిడ మాత్రం ఆయాసం తీర్చుకోకుండానే వేరే మాట చెప్పింది.

"మా ఇంట్లో దొంగతనం జరిగాక పాట ఇదివరకటి కంటే బాగా వినిపిస్తోంది బాబూ. అందుకే భయంగా ఉంది."

డిటెక్టివ్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన బావమరిది నోటుబుక్కు తెరిచాడు. బావమరిది అంటే చిన్నవాడేం కాదు, నలభై ఆరు నిండాయి. ఇరవై ఏళ్ళు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి, అది మూతపడ్డాక అక్క మొగుడి దగ్గర చేరాడు. బావ అంటే అతనికి మహా గురి. బావ తుమ్మినా అందులో ఏదో కిటుకుందనుకునే రకం.

వచ్చినావిడ పాటలు నేర్పే టీచరు. భర్త పేరున్న గాయకుడు, పోయి పాతికేళ్ళయింది. గొంతు ఆపరేషనుకి ముందు ఆయన పాడిన చివరి పాట ఒక స్పూలు టేపు మీద ఉంది. దానికి మరో కాపీ లేదు. ఆ టేపే పోయింది.

"ఎక్కడ ఉండేది?" అన్నాడు డిటెక్టివ్.

"హాల్లో ఎడమ స్పీకరు వెనక గోడలో చిన్న గూడుంది. చెక్క తలుపు, తాళం లేదు. రేకు డబ్బాలో పెట్టి పాతికేళ్ళుగా అక్కడే ఉంచాం. టేపు మిషను పాడైపోయింది కాబట్టి ఎవరూ తీసేవాళ్ళు కాదు. మొన్న శుక్రవారం మెకానిక్ మిషను బాగుచేసి తెచ్చాడు. ఎల్లుండి ఆదివారం ఆయన వర్ధంతి సభలో వినిపిద్దామన్నాడు. ఆ రోజు గూడు తెరిచి చూశాను, డబ్బా ఉంది. ఈ బుధవారం తెరిస్తే లేదు. నాలా సన్నగా ఉన్నవాళ్ళు స్పీకరు వెనక్కి ఒదిగి దూరతారు, లావుపాటి వాళ్ళయితే దాన్ని జరపాల్సిందే."

"గూడు సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మా వదినకి, ఆయన పెద్ద శిష్యుడికి. శుక్రవారం నుంచి మెకానిక్‌కి." టీచరు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మంగళవారం సాయంత్రం నేను సభ పని మీద బయటికి వెళ్ళాను. వదిన ఒక్కతే ఇంట్లో ఉంది. ఆ వారంలో ఒంటరిగా ఉన్నది తనొక్కతే."

వదిన అంటే పోయినాయన అక్క. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. తమ్ముడు పోయాక మరదలికి తోడుగా వచ్చి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు పెట్టె సర్దుకుంటోంది. రేపు పొద్దున బస్సుకి పినతల్లి కూతురి ఊరు వెళ్ళిపోతానంటోంది.

"తను వెళ్ళిపోతే నాకు ఇల్లే ఉండదు బాబూ. టేపు దొరికినా దొరక్కపోయినా ముందు తను తీయలేదని తేల్చు."

"మరి పాట బాగా వినిపించడం ఏమిటి?"

"ఎడమ స్పీకరు ఎప్పుడూ గర్రుమనేది. క్లాసుకి ముందు శృతి రికార్డు పెడతాను. అందులో అన్నిటికంటే కింది స్వరం వచ్చినప్పుడల్లా రేకు మీద గోళీ దొర్లినట్టు గరగర. ఎందరు చూసినా కుదర్లేదు. మా పిల్లలు ఆ గరగరని పట్టుకునే శృతి కలుపుకునేవాళ్ళు. నిన్న కూర్చుని విన్నాను. లేదు. ఆయనే వచ్చి బాగుచేసి వెళ్ళినట్టు అనిపించింది."

ఆవిడని కిందికి దింపి వచ్చాక బావమరిది నోటుబుక్కు మూశాడు. "పాపం, టేపు పోయిందని ఎంత బాధపడుతోందో చూశావా బావా?"

"బాధ కాదురా, భయం. బాధ మనిషిని కూర్చోబెడుతుంది. ఈవిడ చీర కొంగు చిరిగేదాకా మెలిపెట్టింది. పద, ఇల్లు చూద్దాం. నీ ఇనప స్కేలు తెచ్చుకో."

అచ్చాఫీసు నాటి ఆ స్కేలుని బావమరిది జేబులోనే పెట్టుకు తిరుగుతాడు. భార్య ఎంత నవ్వినా వదల్లేదు.

హాలు పొడుగ్గా, చల్లగా ఉంది. నున్నటి సిమెంటు నేల మీద మనిషి ఛాతీ ఎత్తున రెండు చెక్క స్పీకర్లు నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ళ కింద కొత్తగా నల్ల రబ్బరు బిళ్ళలు. డిటెక్టివ్ ఎడమ స్పీకరుని భుజంతో నెట్టి చూశాడు. కదల్లేదు. బావమరిది కూడా చెయ్యి వేస్తే ఒక మూల మీద ఆనించి, ఆ మూల నుంచి ఈ మూలకి నడిపిస్తూ ముందుకు తీయాల్సివచ్చింది. తీయకముందు గోడకీ స్పీకరుకీ మధ్య దూరం కొలవమన్నాడు డిటెక్టివ్.

"కుడిది సరిగ్గా పన్నెండు అంగుళాలు బావా. ఎడమది పదిన్నర."

"రాసుకో."

గూడు పుస్తకమంత ఉంది. లోపల దుమ్ములో గుండ్రటి డబ్బా అచ్చు తప్ప ఇంకేమీ లేదు.

వదినగారు లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. కంటికి ఆపరేషనైంది, నల్ల కళ్ళజోడు పెట్టుకుంది. పక్కన పెట్టె తెరిచి ఉంది.

"పెద్దమ్మగారూ, టేపు మీరు తీశారా?"

"తీశానంటే వెంటనే నమ్ముతావు. తీయలేదంటే నమ్మవు. ఏది చెప్పమంటావు నాయనా?"

"నిజం చెప్పండి, నమ్మడం నా పని."

"తీయలేదు. మా మరదలు నన్ను పల్లెత్తు మాట అనలేదు, అది కూడా రాసుకోండి. గూడు ఖాళీగా ఉందని చూసి, తల తిప్పి నా వంక ఒక చూపు చూసింది. పాతికేళ్ళు ఒక పొయ్యి మీద వండుకుని తిన్నాం. ఆ చూపు చాలు నాకు."

"పోయిన శుక్రవారం ఇద్దరూ మాటా మాటా అనుకున్నారని టీచరుగారన్నారు, దేని గురించి?"

"ఆ టేపు నా దగ్గర ఉంచమన్నాను. తను ఇవ్వనంది. తోడబుట్టినదాన్ని, నాకా మాత్రం హక్కు లేదా?"

"సభలో దాన్ని నలుగురికీ వినిపించడం మీకిష్టమేనా?"

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. పెట్టెలోంచి ఒక చీర తీసి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. డిటెక్టివ్ రెట్టించలేదు. "కంటి ఆస్పత్రిలో ఎప్పుడు చేరారు?" అన్నాడు.

"ఆదివారం పొద్దున క్లాసు అవగానే తనే తీసుకెళ్ళింది. సోమవారం తెల్లవారేదాకా నా పక్కనే కుర్చీలో కూర్చుంది. నేను మంగళవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాను." ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "రాత్రంతా రెప్ప వాల్చలేదు పిచ్చిది."

మెకానిక్ కబురు అందిన పావుగంటలో వచ్చాడు. బొద్దు మనిషి. జేబులో చుట్ట కొలటేపు, మెడలో తువ్వాలు, నోట్లో ఆగని మాట.

"స్పీకరంటే అరిచే డబ్బా కాదండీ. లోపల కాగితం గిన్నె ఊగుతుంది. అది ఊగితే డబ్బా ఊగుతుంది. డబ్బా ఊగితే నేల, నేల ఊగితే కిటికీ అద్దం. మనకి కావలసింది ఆ గిన్నె ఒక్కటి ఊగడం. మిగతావన్నీ నోరు మూసుకుని కూర్చోవాలి. మా పనంతా ఆ నోళ్ళు మూయించడమే. పెద్దాయనకి ఆ సంగతి తెలుసు. అందుకే చెక్క వణకకుండా రెండు పలకల మధ్య ఇసుక పోయించారు. ఆ బరువు దానిదే."

"రబ్బరు బిళ్ళలు ఎప్పుడు పెట్టారు?"

"శనివారం సాయంత్రం. రెండిటినీ గోడకి సరిగ్గా అడుగు దూరంలో నిలబెట్టాను. గోడకి మరీ దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బిపోతాయి. టీచరుగారు పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నారు, అడగండి."

టీచరు తలూపింది.

"ఆ తర్వాత ముట్టుకున్నారా?"

"లేదండీ. ఆదివారం సాయంత్రం ఏడింటికి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాను. శిష్యుడుగారు క్లాసు చెబుతున్నారు. గరగర మాయం. పాతికేళ్ళ జబ్బు ఒక్క రోజులో కుదిర్చాను." మెకానిక్ తువ్వాలు భుజం మీదికి ఎగరేశాడు. "నలుగురికీ చెప్పుకున్నాను కూడా, దాపరికమేముంది."

శిష్యుడు యాభై దాటిన మనిషి, భారీ విగ్రహం, మాట మాత్రం పట్టులా మెత్తన. ఊళ్ళో కచేరీ ఉంటే ముందు ఆయన్నే పిలుస్తారు. వదినగారి గది వైపు చూడకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఈ ఇంటితో మీకెంత పరిచయం?"

"పన్నెండేళ్ళు ఇక్కడే ఉండి నేర్చుకున్నానండీ. ఈ హాలు ఊడ్చింది నేను. రోజూ స్పీకర్లు జరిపి, వెనక దుమ్ము తుడిచి, మళ్ళీ వాటి చోట పెట్టింది నేను. గురువుగారు వేలు పెట్టి చూసేవారు, దుమ్ముంటే పాఠం లేదు."

"ఆదివారం సాయంత్రం క్లాసు మీరే చెప్పారు కదా?"

"అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారు కాబట్టి ఐదింటికి తాళం తీశాను, ఐదున్నరకి పిల్లలొచ్చారు. అయ్యాక తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళాను."

"స్పీకర్లు ముట్టుకున్నారా?"

"లేదండీ. మీట నొక్కానంతే."

ఇంక మిగిలింది బ్యాంకులో పనిచేసే శిష్యురాలు. రోజూ పొద్దుటి క్లాసుకి వచ్చి, ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి ఆ క్లాసుని ఫోనులో రికార్డు చేసుకుంటుందని టీచరు చెప్పింది. డిటెక్టివ్ ముఖం వెలిగిపోయింది. బావా బావమరదులు ఇద్దరూ బ్యాంకుకి వెళ్ళి, ఆ అమ్మాయి భోజనం వేళ ఒక బల్ల దగ్గర చేరి, ఇయర్‌ఫోన్లు చెరొకటి చెవిలో పెట్టుకుని విన్నారు. శనివారం పొద్దున శృతిలో గరగర. ఆదివారం పొద్దున గరగర. సోమవారం పొద్దున లేదు. మంగళవారం లేదు. ఆ తర్వాత అసలే లేదు.

"ఆదివారం పొద్దున కూడా ఉందేమిటి బావా? అప్పటికి రబ్బరు పెట్టేశాడు కదా?"

"నీ చెవికి నాకంటే ముందే పట్టుబడింది. ఇంకొంచెం ఆలోచించు, ఈ సాయంత్రం నా బదులు నువ్వే చెబుదువుగాని."

బావమరిదికి ఆలోచన తట్టలేదు. తట్టలేదని చెప్పడం ఇష్టం లేక దారి పొడుగునా నోటుబుక్కు చూసుకుంటూ నడిచి ఒక స్తంభానికి గుద్దుకున్నాడు.

సాయంత్రం ఐదున్నరకి అందరూ హాల్లో చేరారు. వదినగారు రానంది. డిటెక్టివ్ స్వయంగా వెళ్ళి, "మీరు లేకుండా మొదలుపెట్టను, మీ బస్సు తప్పిపోయినా సరే," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అంతకుముందే బావా బావమరదులు చెమటలు కక్కుతూ రెండు స్పీకర్లనీ హాలు మధ్యకి లాగి పెట్టారు.

"ముందు మెకానిక్‌గారిని ఒక మాట అడగాలి," అన్నాడు డిటెక్టివ్. "మీ కుడి స్పీకరు దాని చోట పెట్టండి."

మెకానిక్ స్పీకరుని నడిపించుకు వెళ్ళాడు. జేబులోంచి కొలటేపు లాగి, గోడకి ఆనించి, రెండుసార్లు చూసుకుని పెట్టాడు. బావమరిది స్కేలు వేశాడు. పన్నెండు.

"విద్వాన్‌గారూ, మీరు ఎడమది పెట్టండి."

శిష్యుడు లేచాడు. అంత బరువైన స్పీకరూ ఆయన చేతుల్లో ఇంటి ఆవులా మాట వింది. మూల మీద వాల్చి నాలుగడుగుల్లో గోడ దగ్గరికి చేర్చాడు. వంగి, గోడ నుంచి అరచెయ్యి చాచి జానెడు కొలిచాడు. దాని పక్కన రెండు వేళ్ళు ఆనించి, మోకాలితో స్పీకరుని అక్కడికి నెట్టి ఆపాడు. అదంతా ఆలోచించి చేసినట్టు లేదు.

"కొలువురా," అన్నాడు డిటెక్టివ్.

బావమరిది స్కేలు రెండుసార్లు వేసి చూశాడు. "పదిన్నర బావా."

శిష్యుడు తన అరచేతి వంక చూసుకున్నాడు. తర్వాత మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"అందరికీ అర్థమయ్యేలా చెబుతాను," అన్నాడు డిటెక్టివ్. "పాతికేళ్ళుగా అందరూ గర్రుమనేది స్పీకరే అనుకున్నారు. దాని కాళ్ళు చూశారు, మరలు బిగించారు, రబ్బరు పెట్టారు. అసలు అది స్పీకరు గొంతే కాదు. చూడండి."

మెకానిక్ మిషనుతో పాటు తెచ్చిన మరో రేకు డబ్బాని ఆయన గూట్లో పెట్టించి శృతి రికార్డు పెట్టించాడు. కింది స్వరం రాగానే గరగరమంది. టీచరు ఉలిక్కిపడి వదిన చెయ్యి పట్టుకుంది. రబ్బరు బిళ్ళలు కాళ్ళ కిందే ఉన్నాయి. డబ్బా తీసేశారు. గరగర పోయింది.

మెకానిక్ ముఖం గాలి తీసిన బుడగ అయింది. "అంటే నా రబ్బరు..."

"మీ రబ్బరు మంచిదే. కానీ మాట్లాడుతున్నది వేరే నోరు. స్పీకరు మోగితే వెనక గూట్లో రేకు డబ్బా మూత వణికేది. డబ్బా ఉన్నన్నాళ్ళూ చప్పుడుంది. చప్పుడు ఆగిందంటే డబ్బా పోయిందన్నమాట. బ్యాంకు అమ్మాయి ఫోనులో ఆదివారం పొద్దున చప్పుడుంది. సాయంత్రం ఏడింటికి లేదని మెకానిక్‌గారే చెప్పారు. ఆ మధ్యలో పెద్దమ్మగారు ఎక్కడున్నారు?"

"ఆస్పత్రిలో," అంది టీచరు. ఆ మాట అంటూనే ఏడ్చేసింది. "నా పక్కన. వదినా, నా పక్కనే ఉన్నావు."

"దొంగతనం మంగళవారం జరిగిందనుకోవడమే తప్పు," అన్నాడు డిటెక్టివ్. "ఆదివారం పొద్దుటి క్లాసు తర్వాత ఈ ఇంట్లోకి వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరే. మెకానిక్‌గారు తీసి ఉంటే స్పీకరుని మళ్ళీ టేపుతో కొలిచి పన్నెండు మీదే పెడతారు. అది ఆయన పద్ధతి. నేను చూసేటప్పటికి అది పదిన్నర మీద ఉంది. దాన్ని వెనక్కి పెట్టిన చేతికి అలవాటైన చోటు వేరే. ఆ చెయ్యి పన్నెండేళ్ళు రోజూ ఒకే కొలతతో పెట్టింది. హడావిడిలో కూడా కొలవకుండా వదల్లేకపోయింది, మధ్యలో మెకానిక్ చోటు మార్చాడని గుర్తురాలేదు. ముట్టుకోలేదని నాతో అన్నారు. విద్వాన్‌గారూ, ఇంకా అదే అంటారా?"

"అనను." ఆయన తల ఎత్తలేదు. "టేపు మా ఇంట్లో ఉంది, భద్రంగా. సభ అయిపోయాక తెచ్చి పెట్టేద్దామనుకున్నాను."

"డెబ్బై నాలుగేళ్ళ మనిషి మీ బదులు పెట్టె సర్దుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు." డిటెక్టివ్ గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "ఎందుకో మీరే చెప్పండి."

శిష్యుడు టీచరు వైపు, వదినగారి వైపు తిరిగాడు.

"ఆ టేపులో ఉన్నది గురువుగారి గొంతు కాదు. నాది. ఆపరేషనుకి రెండు నెలల ముందే ఆయనకి గొంతు పోయింది. అమ్మగారికి, అక్కగారికి ఒక్క పాటైనా మిగిలిపోవాలని నన్ను స్టూడియోకి తీసుకెళ్ళి తనలా పాడమన్నారు. పక్కన కూర్చుని వేలితో చూపిస్తూ పాడించారు. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఆ తర్వాత ఆ పాట నేను ఎక్కడా పాడలేదు. మీరిద్దరూ విన్నది ఒక్కసారి, చిన్న మిషను మీద. ఇప్పుడు ఈ పెద్ద స్పీకర్లలో సభ అంతా వింటే ఎవరో ఒకరు పట్టేస్తారు. అందరి ముందూ మీకు తెలిసిపోతుంది. ఆ భయంతో..."

బావమరిది రాయడం ఆపేశాడు. టీచరు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భయంగా వదిన ముఖం వైపే చూసింది.

"నాకు ఆ రోజే తెలుసు నాయనా," అంది మెల్లగా. "ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడే తీసుకున్నావు, అన్నీ అచ్చంగా దించావు. కానీ ఆ జబ్బు మనిషికి అంత ఊపిరి ఎక్కడిది? నా కోసం ఇంత తంటాలు పడ్డారే అని దాచుకున్నాను. వదినకి తెలియకూడదనే నా దగ్గర పెట్టుకున్నాను, సభలో వద్దంటే తనకి అనుమానం వస్తుందని ఊరుకున్నాను. వదినా, నీకు చెప్పలేక..."

"నాకేం చెప్పాలే?" వదినగారు నల్ల కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వాడికి ఏడేళ్ళప్పటి నుంచీ విన్నాను. పై స్వరం మీద అంతసేపు నిలబడటం మా తమ్ముడికి జన్మలో చేతకాలేదు. నువ్వు మళ్ళీ వింటే పట్టేస్తావని, కుంగిపోతావని, అందుకే టేపు నా దగ్గర ఉంచమన్నాను. నువ్వేమో ప్రాణం పోయినా ఇవ్వనన్నావు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వదినగారే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మరదలి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పాతికేళ్ళు ఒకే ఇంట్లో ఒకే గుట్టుని ఒకరి నుంచి ఒకరు దాచారని తలుచుకుంటూ బావమరిది నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

"లోపల పెట్టె అలాగే ఉంది," అంది చివరికి వదినగారు. "డాక్టరు నన్ను వంగొద్దన్నాడు. ఆ బట్టలు మళ్ళీ బీరువాలో సర్దడం నీ పని."

"సర్దుతాను."

"నువ్విటు రా," అని వదినగారు శిష్యుణ్ణి పిలిచింది. ఆయన వచ్చి నేల మీద కూర్చున్నాడు. "నన్ను ఏడిపించావు, దానికి ఊరికే వదలను. ఆదివారం టేపు లేదు, గీపు లేదు. ఆ పాట నువ్వే పాడు. ఎలా పాడతావో ఇప్పుడే వినాలి."

శిష్యుడు కాదనలేకపోయాడు. కళ్ళు మూసుకుని అందుకున్నాడు. మెకానిక్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. డిటెక్టివ్ గోడకి ఆనుకున్నాడు. రెండో చరణం సగంలో టీచరు చెయ్యెత్తి ఆపింది.

"అది ఆయన ఊపిరి తీసుకునే చోటు," అంది. "నీకు ఎక్కడ కావాలో అక్కడ తీసుకో నాయనా."

ఆయన మొదటి నుంచి మళ్ళీ అందుకున్నాడు.